కాకిరెట్ట లెక్క

నిజాంపట్నం నుంచి వచ్చే మొదటి బస్సు దిగి
కొక్కిలిగడ్డ నాంచారమ్మ
నాకంటే ముందే ల్యాబు మెట్లెక్కి కూర్చుంటుంది.
బ్రాడీపేట, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
"రెండు మాగలు. కిలో కానాగంతలు.
కవళ్లు చూడు ఎట్టా మెరుస్తున్నయ్యో.
బూడిద చేసుకునేదానికి ఇంత మంచి చేపెందుకే తల్లీ?"

నా ఉద్యోగమే అది.
ముల్లు వేరు, కండ వేరు.
ఆరబెట్టి, తూచి,
నాలుగు వందల యాభై డిగ్రీల కొలిమిలో రాత్రంతా ఉంచితే
రెండు కిలోల సముద్రం
కాటుక భరిణెడు బూడిదవుతుంది.

దాన్ని సీసపు గూట్లో పెట్టి తలుపు మూస్తాను.
లోపల యంత్రం ఒక పగలూ ఒక రాత్రీ
చెవి ఒగ్గి వింటుంది.
ముందు పొటాషియం పలుకుతుంది.
అది ఇంటిమనిషి. అరటిపండులో ఉంది, నా మోకాలిలో ఉంది,
దాంతో పేచీ లేదు.
నేను కాచుకునేది ఆరు వందల అరవై రెండో గీత దగ్గర,
అక్కడేదన్నా తల ఎత్తుతుందేమోనని.

ఈ ఊళ్లో ఘాటు దాగదు.
యార్డులో బస్తా విప్పితే
నాలుగు వీధుల అవతల ఉయ్యాల్లో పిల్ల తుమ్ముతుంది.
విషానికీ ఆ మాత్రం మర్యాద ఉంటుందనుకుని పెరిగాను,
వచ్చేముందు గుమ్మంలో దగ్గుతుందని.
సీజియం దగ్గదు.
ఉప్పుకి చుట్టాన్నంటూ వచ్చి కండలో కూర్చుంటుంది.
స్ట్రాన్షియం ఇంకా నెమ్మదస్తురాలు.
సున్నమనుకుని ముల్లే దాన్ని దాచుకుంటుంది,
సొంత సొమ్ము దాచుకున్నట్టు.

పోయిన నెల మీటింగులో శేషఫణి గారు
గోడమీద బొమ్మ చూపించారు.
ఒక గొట్టం. గొట్టం చివర బాణం. బాణం చివర అంతా నీలం.
"ఎక్కడో పరాయి తీరం, అనుమతించిన మోతాదు.
అన్ని నీళ్లలో ఇదెంతండీ,
సముద్రంలో కాకిరెట్ట!"
అందరూ నవ్వారు. టీ వచ్చింది.
నేనూ నవ్వాను.

ఆ మాట నాంచారమ్మకి చెబితే
గంపలో నీళ్లు వంపుతూ కాసేపు ఆగింది.
"కాకి ఒకటేనా?
ఒక్కసారే వేసి పోయిద్దా?
ఆ రెట్టని నాచు తాగి, నాచుని పొట్టురొయ్య తిని,
రొయ్యని కవళ్లు, కవళ్లని మాగ,
మాగని నువ్వూ నేనూ తింటే
అది సముద్రంలో ఉన్నట్టా, కంచంలో ఉన్నట్టా?"

నా రిపోర్టులో ఆ ప్రశ్న పట్టే గడి లేదు.
ఉన్న గడిలో రాయాల్సింది ఒకటే వాక్యం:
యంత్రం గుర్తించగల మోతాదు కన్నా తక్కువ.
కొత్తలో సున్నా అని రాశాను.
మా మేడమ్ ఎర్రసిరాతో కొట్టేశారు.
"సున్నా అంటే లేదని.
ఇది మనకి కనబడలేదని.
రెండూ ఒకటి కాదు మృణాళినీ."
పదకొండేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న నిజాయితీ
మొత్తం ఆ ఎర్రగీతే.

పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు అర్ధాయువు అంటాం.
ముప్పై ఏళ్లకి సగం చస్తుంది.
మిగిలిన సగంలో సగం చావడానికి ఇంకో ముప్పై.
మనకి నూరేళ్లూ నిండితే పాడె కడతారు.
దానికి ఎన్నటికీ నిండవు.
అన్నీ సగాలే.

"ఇంతకీ నా చేప బాగుందా?"
గంప తలకెత్తమని వంగుతూ ప్రతిసారీ అడుగుతుంది.
బాగుంది, అంటాను.
ఈ నెలకి, ఈ యంత్రానికి, ఇప్పటికి
అనే మూడు మాటల్నీ
మాగ ముల్లులా గొంతులోనే ఆపుకుంటాను.
"నిండు నూరేళ్లు చల్లగుండు తల్లీ."
మెట్ల మీద ఆమె చెప్పుల తడి
ఎండేదాకా చూస్తాను.

కొలిమికి పోగా మిగిలిన తలకాయలు ఇంటికి తెచ్చి
చింతపండు పులుసు పెట్టాను.
మావాడు ముళ్లు పీల్చి పిప్పి చేసి
పిట్టగోడ మీద పెట్టాడు.
కాకి వచ్చింది. ముక్కుతో ఏరి ఏరి తింది.
గోడ మీద తెల్లగా ఒక చుక్క వేసి
రేపల్లె రోడ్డు వైపు ఎగిరిపోయింది.

గుడ్డ తడిపి తుడిచాను.
మరక సగం పోయింది.